బిడ్డ కాయకమును నిర్ణయించునది ఎవరు?

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలో ఇంటింటను ఒక ప్రశ్న వినవచ్చును. “పిల్లవానిని ఏ గ్రూపులో చేర్పించుచున్నారు?” అని బంధువులు తల్లిదండ్రులను అడుగుదురు. ఆ ప్రశ్నలోని క్రియాపదము గమనింపదగినది. పిల్లవాడు ఏ గ్రూపులో చేరదలచెనని అడుగువారు అరుదు. చదువవలసినది పదునైదు పదునారేండ్ల బిడ్డ, నిర్ణయించునది పెద్దలు. పరీక్ష వ్రాయువారు ఒకరు, ఆ పరీక్షను ఎన్నుకొనువారు వేరొకరు. ఇది ధర్మమేనా అను విచారణ బసవేశ్వరుని మార్గమున నడచు కుటుంబములకు తక్కినవారికంటె ఎక్కువగా అవసరము. ఏలన, ఆ మార్గమే ఒక బాలుని నిరాకరణముతో మొదలైనది.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథ లింగవంతుల ఇండ్లలో తెలియనివారుండరు. తండ్రి మాదిరాజు ఉపనయనము చేయ సంకల్పింపగా, బాలుడైన బసవన్న దానిని వలదని, శివభక్తునకు ఆ సంస్కారముతో పనిలేదని వాదించి, పుట్టిన ఇల్లు విడిచెను. తండ్రి మాటను, వంశాచారమును కాదన్న ఆ బాలుని గురువుగా కొలుచు సమాజము, తమ ఇంటి బిడ్డ నోరు విప్పి “నాకీ చదువు వలదు” అన్నప్పుడు కన్నెఱ్ఱజేయుట సమంజసమా?

అయితే ఈ కథను సగమే గ్రహించుటయు ప్రమాదము. బసవన్న కాదన్నది తెలియక కాదు, తెలిసియే. తాను దేనిని విడుచుచున్నాడో, ఏల విడుచుచున్నాడో ఆయన ఎరుగును. ఎరుకతో కూడిన నిరాకరణము వేరు, చాపల్యము వేరు. కావున ఈ కథ చెప్పునది కేవలము స్వేచ్ఛను గూర్చి కాదు, ఎరుకను గూర్చి. నిర్ణయాధికారము ఎవరిదను ప్రశ్నకు ముందు, ఆ నిర్ణయమునకు కావలసిన ఎరుక ఇంటిలో ఎవరికి ఉన్నదని అడుగవలెను.

రెండు వాదములు

లోకమున రెండు వాదములు కలవు. మొదటి వాదము ప్రకారము పదునైదేండ్ల వయస్సున లోకజ్ఞానము ఉండదు. స్నేహితుడు చేరిన గ్రూపులో తానును చేరుట ఆ వయస్సు స్వభావము. కావున అనుభవజ్ఞులైన తల్లిదండ్రులే నిర్ణయింపవలెను. రెండవ వాదము ప్రకారము జీవితము బిడ్డది. ఇష్టములేని చదువు కారాగారవాసము. కావున బిడ్డ ఇష్టమునకే విడువవలెను.

రెండింటను సత్యమున్నది, రెండింటను లోపమును ఉన్నది. తండ్రికి లోకానుభవము ఉండవచ్చును. కాని ఆయన అనుభవము తన కాలమునాటిది. ఏ గ్రూపు చదివినవారికి ఏ ద్వారము తెరచుకొనునో, ఏది మూసికొనిపోవునో విచారింపక, పొరుగింటి కుమారుని చూచి ఆజ్ఞాపించు తండ్రికి అనుభవమున్నదని ఎట్లు చెప్పవచ్చును? అట్లే “నీ ఇష్టము నాయనా” అనుట రెండు విధములు. మార్గములన్నియు తెలిపి, మంచిచెడ్డలు వివరించి అనుట గౌరవము. ఏమియు తెలిసికొనక, తెలుపక అనుట బాధ్యతను దులిపికొనుట. మొదటి తండ్రి కాఠిన్యమునకును, రెండవ తండ్రి ఔదార్యమునకును మూలము ఒక్కటే. ఇరువురును మార్గమును ఎరుగరు.

కావున తల్లిదండ్రుల ప్రథమ ధర్మము నిర్ణయించుట కాదు, తెలిసికొనుట.

తెలియవలసిన సంగతులు

ఆంధ్రప్రదేశమున రెండేండ్ల ఇంటర్మీడియెట్ విద్య 1969-70లో ఆరంభమైనది. 1971 నాటి చట్టముతో దానికి ప్రత్యేకముగ బోర్డు ఏర్పడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప రెండు రాష్ట్రములకు రెండు బోర్డులైనవి. ఇంగ్లీషు ఒకటి, సామాన్యముగ ద్వితీయ భాష ఒకటి, ఎన్నుకొనిన గ్రూపు విషయములు — ఇది చదువు యొక్క స్వరూపము. రెండు సంవత్సరములకును బోర్డు పరీక్షలు కలవు. ఉత్తీర్ణతకు సామాన్యముగ ప్రతి విషయమునను నూటికి 35 మార్కులు రావలెను.  సైన్సు గ్రూపులవారికి ప్రయోగ పరీక్షలును కలవు. కోచింగు పేరిట ప్రయోగశాల ముఖము చూడని విద్యార్థి ఇచ్చట నష్టపోవును.

గ్రూపులలో ఎం.పి.సి. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు గలది. బై.పి.సి.లో గణితమునకు బదులు జీవశాస్త్రము. ఎం.ఇ.సి. గణిత, అర్థ, వాణిజ్య శాస్త్రములు. సి.ఇ.సి.లో పౌర, అర్థ, వాణిజ్య శాస్త్రములు. హెచ్.ఇ.సి.లో చరిత్ర, అర్థ, పౌర శాస్త్రములు. వీనిని గూర్చి తల్లిదండ్రులు ముఖ్యముగ గ్రహింపవలసినది ఒకటి కలదు. కొన్ని తలుపులు ఒకే దిక్కునకు తెరచుకొనును. ఎం.పి.సి. చదివినవాడు తరువాత బి.కాం.లోనో, బి.ఏ.లోనో చేరవచ్చును, సి.ఇ.సి. చదివినవాడు ఇంజనీరింగునకు పోజాలడు. జీవశాస్త్రము చదువనివానికి వైద్యవిద్య ద్వారము తెరచుకొనదు. ఫార్మసీకి ఎం.పి.సి., బై.పి.సి. రెండును పనికివచ్చును. అయిదేండ్ల న్యాయశాస్త్రమునకు, ఛార్టర్డ్ అకౌంటెన్సీ తొలి మెట్టునకు ఏ గ్రూపువారైనను అర్హులే. ఈ మాట వినగానే “అందరిని ఎం.పి.సి.లోనే చేర్చిన సరి” అనుకొనువారు కలరు. అన్ని తలుపులు తెరచియుంచుటకై బిడ్డను తనకు పొసగని గణితముతో రెండేండ్లు బాధించినచో, చివరకు ఏ తలుపును దాటు శక్తి మిగులదు. తెరచియున్న తలుపుల సంఖ్యకంటె దాటగల తలుపు ఏదియో ఎరుగుట ముఖ్యము.

ప్రవేశపరీక్షల ర్యాంకు వచ్చినచో ఇంటర్ మార్కులతో పనిలేదను భ్రమయు వ్యాపించియున్నది. జె.ఇ.ఇ. మెయిన్ ద్వారా ఎన్.ఐ.టి.లలో చేరుటకు పండ్రెండవ తరగతిలో నూటికి 75, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 65 మార్కులు ఉండవలెను. లేనియెడల తమ బోర్డులో ఉత్తీర్ణులైనవారిలో మొదటి నూటికి ఇరువది వంతులలో నిలువవలెను. నీట్ ద్వారా వైద్యవిద్యలో చేరుటకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో కలిపి సాధారణ వర్గమువారికి నూటికి 50, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 అవసరము. రాష్ట్ర ఇంజనీరింగు ప్రవేశమున ర్యాంకునకు ఇంటర్ మార్కులను నూటికి 25 వంతులు కలుపు పద్ధతి చిరకాలము ఉండెను. తెలంగాణమున 2023లో దానిని తొలగించిరి. ఇట్టి నియమములు రాష్ట్రమునుబట్టి, సంవత్సరమునుబట్టి మారును. కావున పెద్దకుమారుని నాటి నియమము చిన్నకుమారునికి వర్తించునని తలంపరాదు. ఆ యేటి ప్రకటనను స్వయముగ చదువవలెను, చదువజాలనివారు చదివించుకొనవలెను.

సరిహద్దు కుటుంబములకు వేరొక సంగతి. జహీరాబాదు, ఆదోని ప్రాంతముల లింగాయత గృహములకు బీదరు, రాయచూరులతో చుట్టరికములు, మఠసంబంధములు పూర్వమునుండియు కలవు. అచ్చటి మఠముల వసతిగృహములలో పిల్లలను ఉంచి చదివించుట ఆచారము. అది మంచి ఆచారమే. కాని ఉన్నతవిద్యాసంస్థలలో పెక్కు స్థానములు స్థానికులకు ప్రత్యేకింపబడియున్నవి. స్థానికతను ప్రధానముగ విద్యార్థి వరుసగ ఏయే సంవత్సరములు ఎచ్చట చదివెననుదానినిబట్టి నిర్ణయింతురు. సరిహద్దు దాటి ఇంటర్ చదివించునపుడు తిరిగి స్వరాష్ట్రమున స్థానికుడగునా కాదా యని ముందే విచారింపవలెను. రెండేండ్ల పిదప ప్రవేశ సమయమున ఈ సంగతి బయటపడినచో అనుభవించునది బిడ్డ.

ద్వితీయ భాషను గూర్చియు ఒక మాట. మార్కులు సులువుగ వచ్చునను కారణముచే పలువురు తెలుగును విడిచి సంస్కృతమును తీసికొనుచున్నారు. సంస్కృతముపై ప్రేమతో తీసికొనుట శ్లాఘ్యము. కాని రెండింటిలో దేనియందును ప్రవేశము లేక, మార్కులు మాత్రమే పొంది వచ్చిన బిడ్డ, జానుతెనుగున ద్విపదలో శివభక్తుల కథలు పాడిన సోమనాథుని గ్రంథము విప్పి చదువజాలకపోవుట ఈ సమాజమునకు చిన్న నష్టము కాదు.

చిన్నవని తలంచు మార్గములు

ఇంటర్మీడియెట్ ఒక్కటే మార్గము కాదు. పదవ తరగతి పిదప పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష వ్రాసి డిప్లొమా చేయవచ్చును. సామాన్యముగ అది మూడేండ్ల చదువు. అది పూర్తియైనవారు ఇ.సెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగ చేరవచ్చును. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వృత్తులు రెండేండ్లు, వెల్డర్ ఒక యేడు. పిదప 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద జీతభత్యముతో పని నేర్చు అవకాశము కలదు. వృత్తివిద్యా ఇంటర్మీడియెట్ చదివినవారు బ్రిడ్జి కోర్సు పరీక్ష వ్రాసి పైచదువులకు పోవచ్చును. 2008లో నెలకొల్పిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయముల విద్యాలయములు బాసర, నూజివీడు, ఇడుపులపాయ మొదలగు చోట్ల కలవు. పదవ తరగతి మార్కులనుబట్టి ప్రవేశమిచ్చి ఆరేండ్ల చదువు చెప్పు ఆ సంస్థలలో గ్రామీణ ప్రభుత్వపాఠశాలల పిల్లలకు ప్రాధాన్యము కలదు. మధ్యలో చదువు ఆగినవారికి రెండు రాష్ట్రముల సార్వత్రిక పాఠశాలలును, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థయు ఉన్నవి.

ఇచ్చటనే బసవధర్మమునకు అసలు పరీక్ష. కొడుకు ఇంజనీరింగు చదువుచున్నాడని తండ్రి పదిమందిలో చెప్పును, ఐ.టి.ఐ.లో చేరినవాని సంగతి అడిగిననేగాని చెప్పడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మోళిగె మారయ్య కట్టెలమ్మెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవమంటపమున వీరు మంత్రిపదవిలోనున్న బసవేశ్వరునితో సరిసమానముగ కూర్చుండిరి. వీరి చిత్రపటములకు పుష్పములర్పించు చేతులే, వెల్డింగు నేర్చిన కుమారుని చేతిని పదిమందిలో చూపుటకు సంకోచించుచున్నవి. కాయకమునకు ఎక్కువ తక్కువలు లేవని ఉపన్యాసమున విని, సంబంధము కుదుర్చుకొనునపుడు డిగ్రీని తూకము వేయుట ద్వంద్వవర్తనము. నిజాయితీతో చేయు ప్రతి పనియు శివపూజయే యను విశ్వాసము ఉన్నచో అది పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున కనబడవలెను.

దీనిని అడ్డుపెట్టుకొని, బాగుగ చదువగల పేదబిడ్డను “నీకు ఈ పని చాలును” అని ఆపుట అంతకంటె పాపము. కాయక సిద్ధాంతము పనిని గౌరవించుటకు పుట్టినది. మనిషిని పుట్టుకతో ఒక పనికి కట్టివేయుటను త్రోసిపుచ్చుటకు పుట్టినది. ఆడపిల్ల విషయమున ఈ అన్యాయము మరింత సూక్ష్మముగ జరుగును. ఊరిలో ఉన్న కళాశాలలో ఏ గ్రూపు ఉన్నదో అదియే ఆమె అభిరుచి యని నిశ్చయింతురు. కుమారుని నగరమునకు పంపుటకు అప్పు చేయు తండ్రి, కుమార్తెకు బస్సు ఛార్జీ లెక్క చూచును. స్త్రీకిని పురుషునికిని ఒకే లింగమును కట్టిన ధర్మమిది. అక్కమహాదేవిని, అక్క నాగమ్మను స్మరించు ఇంటిలో ఇట్టి భేదమునకు సమర్థన ఎచ్చటనుండి తేగలరు?

శక్తికి మించిన ఆశ

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము చేయుట కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తీసికొనిరాగా, భార్య లక్కమ్మ దానిని అంగీకరింపక తిరిగి పోసి రమ్మని పంపెనని శరణచరిత్ర. ఎక్కువ బియ్యము దొంగిలించినది కాదు. అయినను ఆమెకు అది ఆశగ కనబడినది.

నేటి గృహములలో ఆ అదనపు బియ్యము వేరు రూపమున వచ్చుచున్నది. బిడ్డ శక్తికిని, ఇంటి శక్తికిని మించిన ర్యాంకుకై పొలము అమ్మి, తెల్లవారుజామునుండి రాత్రి వరకు గదిలో కూర్చుండబెట్టు కళాశాలకు రుసుము చెల్లింతురు. ఆ ధనము బిడ్డకొరకే యని తల్లిదండ్రులు నమ్ముదురు. కాని ఆ ర్యాంకు ఎవరి ఆకలిని తీర్చుటకో ఒకమారు తమ్ము తాము అడుగవలెను. ఇంటి ఆదాయమెంత, అప్పు ఎంత, ఎంతవరకు చదివింపగలరు అను మాట దాచక బిడ్డకు చెప్పుటయు ధర్మమే. ఇష్టమునకు విడుచుట అనగా లేని ధనమును ఉన్నదని నటించుట కాదు. ఇంటి స్థితి ఎరిగిన బిడ్డ ఇష్టము, ఎరుగని బిడ్డ ఇష్టముకంటె నిజమైనది.

తప్పిన దినమున

ఈ విచారణలో మిక్కిలి బరువైన మాట ఇది. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణ ఇంటర్ ఫలితములలో లోపములు బయటపడినవి; ఫలితముల పిదప పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములను తిరిగి పరిశీలింపవలసివచ్చినది. ఒక కాగితముపై వ్రాసిన అంకె తప్పు కావచ్చును. పోయిన ప్రాణము తిరిగిరాదు. ఫలితముల ఋతువున ఇట్టి వార్తలు ప్రతియేడును రెండు రాష్ట్రములలో వినవచ్చుచునే యున్నవి.

నియమములు తెలిసికొనుట దయలో భాగమని చెప్పుట ఇందులకే. మొదటి సంవత్సరమున ఒక విషయము తప్పినవాడు రెండవ సంవత్సరమునకు పోవచ్చును. తప్పినదానిని తిరిగి వ్రాయవచ్చును. ఫలితముల పిదప కొలది వారములలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. వానిలో ఉత్తీర్ణుడైనవాడు ఆ యేటనే డిగ్రీలో చేరు అవకాశము కలదు. మార్కులపై అనుమానమున్నచో రుసుము చెల్లించి తిరిగి లెక్కింపును, పునఃపరిశీలనను కోరవచ్చును. ఉత్తీర్ణుడై మార్కులు చాలనివాడు మెరుగుదలకై తిరిగి వ్రాయవచ్చును. ఇవి ఏ తండ్రియైనను గంటసేపు విచారించి తెలిసికొనగల సంగతులు. ఇవి తెలిసిన తల్లి, తప్పితినని తలవంచి నిలిచిన బిడ్డతో, “ఇది నెలరోజుల మాట, ముందు అన్నము తిను” అని చెప్పగలదు. తెలియని తల్లి ఏడ్చును. ఆ ఏడ్పును బిడ్డ తన నేరమునకు తీర్పుగా వినును.

బసవధర్మమున దయకు ప్రథమస్థానము. దయ యనగా కన్నీరు మాత్రమే కాదు. ఎదుటివాడు అంధకారమున ఉన్నప్పుడు దారి చూపగల జ్ఞానమును ముందే సంపాదించి ఉంచుకొనుటయు దయయే. అందులకు ఫలితముల దినము రాకమునుపే సిద్ధపడవలెను. “తప్పినను ఈ ఇంటిలో నీ స్థానము తప్పదు” అను మాట పరీక్షకు ముందే చెప్పి ఉంచినచో, తరువాత చెప్పినదానికంటె వేయిరెట్లు మేలు చేయును.

అరచేతిలోని లింగము

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. ఇష్టలింగమును గురువు కటాక్షించి శిష్యుని అరచేతిలో ఉంచును. విధానము చెప్పును, మంత్రము ఉపదేశించును, తప్పినచో దిద్దును. కాని పూజ మాత్రము శిష్యుడే చేసికొనవలెను. తండ్రి కుమారునికి బదులు ఇష్టలింగార్చన చేయజాలడు. భార్యకు బదులు భర్త చేయజాలడు. పూజారి మధ్యవర్తిత్వమును తొలగించి ఎవరి లింగమును వారి చేతిలోనే ఉంచిన ధర్మమున, ఎవరి కాయకమును వారి చేతిలో ఉంచకపోవుట పొసగదు.

అయితే గురువు లింగమును ఇచ్చి ఊరకుండడు. అట్లే తల్లిదండ్రులు మార్గములన్నియు విచారించి, వాని అర్హతలు, వ్యయము, తిరిగిరాగల తలుపులు, తిరిగిరాలేనివి వివరించి, తమ అభిప్రాయమును దాచక చెప్పి, పిదప నిర్ణయమును బిడ్డ చేతిలో పెట్టవలెను. బిడ్డ తప్పుగ ఎన్నుకొనవచ్చును. పెద్దలును తప్పుగ ఎన్నుకొందురు. భేదమేమనగా, తాను ఎన్నుకొనిన దారి తప్పైనచో బిడ్డ దానినుండి నేర్చుకొనును. ఇతరులు ఎన్నిన దారి తప్పైనచో వారిని నిందించుటతోనే కాలము గడుపును.

తెలియని తల్లిదండ్రులు పల్లెలలో ఎందరో కలరు. వారిని నిందించుట తగదు. ఇచ్చట మఠముల కర్తవ్యము కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార మహాస్వామివారు (1907-2019) కులభేదము చూడక వేలాది పిల్లలకు అన్నము, వసతి, విద్య ఒసగి, దాసోహమను పదమునకు ఆధునిక కాలమున అర్థము చూపిరి. అంతటి దాసోహము ప్రతి మఠమునకును సాధ్యము కాకపోవచ్చును. కాని పదవ తరగతి ఫలితములు వచ్చిన వారమున ఒక ఆదివారము మఠప్రాంగణమున తల్లిదండ్రులను, పిల్లలను కలిపి కూర్చుండబెట్టి, ఊరిలోని ఒక అధ్యాపకుని, ఒక ఐ.టి.ఐ. శిక్షకుని, ఇటీవల చదువు ముగించిన ఇద్దరు యువతీయువకులను పిలిచి, ఆ యేటి నియమములను తెలుగున చదివి వినిపించుట ఏ మఠమునకైనను సాధ్యమే. అన్నదాసోహము ఒక పూట ఆకలి తీర్చును. ఈ జ్ఞానదాసోహము ఒక బిడ్డ జీవితమును దారిలో పెట్టవచ్చును. ఫలితముల రాత్రి ఒక ఇంటి దీపము ఆరకుండ కాపాడవచ్చును.

అట్టి కూటమినుండి ఇంటికి తిరిగివచ్చిన తండ్రిని బంధువులు మరల అదే ప్రశ్న అడుగుదురు: “పిల్లవానిని ఏ గ్రూపులో చేర్పించుచున్నారు?” అప్పుడాయన, “ఉన్న దారులన్నియు చెప్పితిమి, వాడు ఆలోచించుచున్నాడు” అని నిబ్బరముగ చెప్పగలిగినచో, ఆ ఇంటిలో బసవేశ్వరుని మాట ఆచరణకు వచ్చినదని చెప్పవచ్చును.